బిగుసుకుపోయిన కుళాయి, విరిగిన నిపుల్: ఇంట్లో చిన్న ప్లంబింగ్ రిపేర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కుళాయి బిగించడం పావుగంట పని. పాతది ఊడదీయడానికే ఒక పూట పడుతుంది. చుట్టాలు, పక్క ఫ్లాట్ల వాళ్లు నన్ను అడిగే సందేహాల్లో చాలా భాగం ఈ ఊడదీసే దగ్గరే వస్తాయి. అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. పని దశల వారీగా అమర్చాను, ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. చిన్న రిపేరు పెద్దదై టైల్స్ పగలగొట్టేదాకా వెళ్లిందంటే, గోడలోని పైపు ఏమవుతుందో చూసుకోకుండా బయటి కుళాయిని మెలితిప్పడమే చాలాసార్లు కారణం.

## పని మొదలుపెట్టే ముందు

ఒక్క వాషర్ మార్చడానికి కూడా నీళ్లు మొత్తం కట్టేయాలా?

కట్టేయాలి. బాత్రూమ్‌కి విడిగా స్టాప్ కాక్ ఉంటే అది చాలు. లేకపోతే అపార్ట్‌మెంట్లో పైపులు పోయే సందు, అంటే డక్ట్‌లో ఉండే వాల్వు, సొంత ఇల్లయితే టెర్రస్ మీద ట్యాంకు కింద ఉండే వాల్వు కట్టాలి. కట్టాక, మీరు పనిచేయబోయే చోటుకంటే కింద ఉన్న కుళాయి ఒకటి తెరిచి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి. మిక్సర్ విప్పుతుంటే ముందు గీజర్ స్విచ్ ఆపండి. చల్లటి లైను కట్టేసినా గీజర్లో ఉన్న నీళ్లు వేడి వైపు నుంచి కొంతసేపు కారుతూనే ఉంటాయి, అవి చేయి కాలేంత వేడిగా ఉండొచ్చు.

మెయిన్ వాల్వే తిరగడం లేదు. ఏం చేయాలి?

ఎర్ర చక్రం ఉన్న ఇత్తడి గేటు వాల్వు అయితే బలవంతం చేయకండి. లోపల కడ్డీ విరిగి గేటు కిందికి జారిపోతే ఇంటికి నీళ్లే రావు. కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కి, అలా ఓపిగ్గా ఊపుతూ వెళ్తే పట్టిన ఉప్పు రాలి కదులుతుంది. కడ్డీ చుట్టూ ఉండే గ్లాండ్ నట్టును అర చుట్టు వదులు చేస్తే ఇంకా తేలికవుతుంది. పనయ్యాక దాన్ని మళ్లీ బిగించాలి. అప్పటికీ రాకపోతే ఆ రోజుకి కుళాయి సంగతి వదిలేసి ట్యాంకు ఖాళీ అయ్యే రోజు చూసుకోండి. ముందు వాల్వు మార్పించి, తర్వాత కుళాయి. ఈ వరస తప్పితే ఇల్లంతా నీళ్లే.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

పదంగుళాల పైపు రెంచి, ఒక స్క్రూ స్పానర్, వాటర్ పంప్ ప్లయర్, పిడి లేని హాక్సా బ్లేడు, టెఫ్లాన్ టేపు, సైకిల్ ట్యూబు ముక్క, టార్చి, బకెట్. వీటన్నిటికంటే ముఖ్యం అర అంగుళం డమ్మీ, అంటే కన్నం మూసే మర బిరడా ఒకటి. కొత్త కుళాయి పట్టకపోయినా, దుకాణం మూసేసినా, గోడ కన్నానికి డమ్మీ బిగించి ఇంటికి నీళ్లు వదులుకోవచ్చు. చాలా తక్కువ ఖర్చుతో ఇల్లంతా నీళ్లు లేక అల్లాడే అవస్థ తప్పుతుంది. పని పొద్దున మొదలుపెట్టండి. సాయంత్రం ఆరింటికి విప్పితే, కావాల్సిన ముక్క కోసం మర్నాటి దాకా ఆగాల్సి రావచ్చు.

స్కేలుతో కొలిస్తే 21 మిల్లీమీటర్లు ఉంది, దుకాణంలో మాత్రం అర అంగుళం అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. అర అంగుళం అనేది పాతకాలపు ఇనుప పైపు లోపలి కన్నం లెక్క. ఆ పైపు మీద కోసే మర బయటి కొలత దాదాపు 21 మిల్లీమీటర్లు. కుళాయి డబ్బా మీద 15 ఎంఎం అని రాసి ఉంటే అదీ ఇదే సైజు. ముప్పావు అంగుళం మర 26 మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. మన దగ్గర దొరికే మామూలు కుళాయిలు దాదాపు అన్నీ అర అంగుళమే. కొలతల మీద ఆధారపడటం కంటే పాత ముక్కను చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసుకోవడం మేలు. పావు చుట్టుతో తిరిగే కుళాయి లోపలి కార్ట్రిడ్జ్ విషయంలో ఇది తప్పనిసరి. పైన పిడి కూర్చునే పళ్ల సంఖ్య, పొడవు, ఎటువైపు తెరుచుకుంటుందో కంపెనీ కంపెనీకీ మారిపోతాయి.

మా గోడలో ఉన్నది ఇనుప పైపో ప్లాస్టిక్ పైపో ఎలా తెలుస్తుంది?

టెర్రస్ మీద, డక్ట్‌లో బయటికి కనబడే పైపు చూడండి. లేత పసుపు రంగుది సీపీవీసీ, తెల్లటిది యూపీవీసీ (రెండూ ప్లాస్టిక్ రకాలే), బూడిదరంగు లోహం జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుము. పాతికేళ్లకు పైబడిన ఇళ్లలో జీఐ ఎక్కువ. పైకి ప్లాస్టిక్, గోడలో పాత జీఐ ఉన్న ఇళ్లు కూడా ఉంటాయి కాబట్టి కుళాయి దగ్గర ఇంకోసారి చూసుకోవాలి. ఫ్లేంజ్ (కుళాయి చుట్టూ గోడకు ఆనే పళ్లెం లాంటి రింగు) వెనక్కి జరిపి, గోడ మూతి దగ్గర అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా పసుపు లోహం రింగు, దాని చుట్టూ ప్లాస్టిక్ కనిపిస్తే సీపీవీసీ ఎల్బోలో (పైపు మలుపు దగ్గర వేసే వంకర ముక్కలో) పొదిగిన ఇత్తడి. ఎంత బలం పెట్టొచ్చో, ఏ నూనె వాడొచ్చో తేల్చేది ఇదే. అందుకే దీనికి రెండు నిమిషాలు కేటాయించండి.

## ఊడదీసేటప్పుడు

బిగించినప్పుడు చేత్తో తిరిగిన నట్టు ఇప్పుడు ఎందుకు కదలదు?

ఇనుప పైపులో తుప్పు కారణం. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, మరల మధ్య ఖాళీని నింపి బిగించేస్తుంది. ఇనుముకు ఇత్తడి తగిలిన చోట తడి ఉంటే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. రెండో కారణం బోరు నీళ్లలోని ఉప్పు, అంటే ఎక్కువగా కాల్షియం. తాగే నీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు. ఆ హద్దుకు దగ్గరగా ఉండే బోర్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. వేడి చేస్తే ఆ కాల్షియం సున్నంలా గట్టిపడుతుంది, అందుకే మిక్సర్లో వేడి వైపే ముందు బిగుసుకుంటుంది. పాత ఇళ్లలో మూడోది కూడా ఉంటుంది: నూలు దారం చుట్టి సఫేదా (తెల్లటి పేస్టు) పూసి బిగించిన జాయింట్లు. ఎండిన సఫేదా రాయే.

ఎటు తిప్పితే ఊడుతుంది?

మీకు ఎదురుగా ఉన్న ముక్కను గడియారం ముళ్లకు వ్యతిరేకంగా. సింకు కింద పడుకుని పైకి చూస్తూ చేసేటప్పుడు చాలామంది తికమకపడి ఇంకా బిగించేస్తారు. ఊడాల్సిన ముక్క ముఖం మీవైపు ఉన్నట్టు ఊహించుకుని తిప్పండి.

ఎంత తిప్పినా కదలడం లేదు. ఇంకా బలం పెట్టొచ్చా?

బలం పెంచే ముందు చేయాల్సినవి ఉన్నాయి.

ముందుగా, కొద్దిగా బిగించే వైపు తిప్పండి. వినడానికి వింతగా ఉన్నా, పట్టు తెగేది చాలాసార్లు అటు తిప్పినప్పుడే. వెంట్రుకవాసి కదిలిందంటే ఇక ఊడుతుంది. తర్వాత చిన్న సుత్తితో జాయింటు చుట్టూ తట్టండి. కొట్టడం కాదు, తట్టడం. మరల్లో పట్టిన ఉప్పు, తుప్పు పొడిపొడిగా రాలుతుంది. పింగాణీకి, ప్లాస్టిక్‌కు దగ్గరగా ఉంటే మాత్రం సుత్తి వద్దు.

బయటికి కనబడే పైపు అయితే తప్పకుండా రెండు పానాలు వాడాలి. ఒకటి ఊడాల్సిన ముక్క మీద, ఇంకోటి ఉండిపోవాల్సిన ముక్క మీద. రెండు పిడుల మధ్య జానెడు కంటే తక్కువ ఎడం ఉండేలా అమర్చుకుని, ఒక్క చేతి గుప్పిట్లోకి దగ్గరగా నొక్కండి. అప్పుడు బలమంతా ఆ రెండు పిడుల మధ్యే ఖర్చవుతుంది, పైపు మీదికి పోదు. ఇది చేతికి అలవాటైతే సగం కష్టాలు పోతాయి. ఒకే పానాతో ఒంటిచేత్తో లాగినప్పుడు మీరు తిప్పేది నట్టును కాదు, అవతల ఉన్న ఎల్బోను.

పానా పిడికి పొడుగాటి పైపు తొడిగి లాగడం బయటి జీఐ లైనుకు, అదీ రెండో పానా ఆనించి ఉంటేనే సరి. గోడలోని కుళాయికి ఆ పని చేయకండి. పిడి పొడవు రెట్టింపైతే మెలిపెట్టే బలమూ రెట్టింపవుతుంది, కానీ గోడలో ఏం విరుగుతోందో చేతికి తెలియదు.

పది నిమిషాలు ప్రయత్నించి రాకపోతే వదిలేసి టీ తాగి రండి. విసుగుతో పెట్టే బలం లెక్క లేకుండా పడుతుంది.

కిరోసిన్, తుప్పు వదిలించే స్ప్రే కొట్టొచ్చా?

ఇనుప మరలకు కొట్టొచ్చు. కొట్టగానే తిప్పితే లాభం లేదు. రాత్రి కొట్టి, మధ్యలో ఒకసారి తట్టి, పొద్దున తిప్పాలి. కిరోసిన్ కంటే స్ప్రే సన్నని సందుల్లోకి బాగా పోతుంది. పనయ్యాక కొన్ని బకెట్ల నీళ్లు పారబోయాలి, లేకపోతే వాసన రోజుల తరబడి ఉంటుంది. సీపీవీసీ దగ్గర మాత్రం రెండూ వద్దు. పెట్రోలియం నూనెలు తగిలితే ఆ ప్లాస్టిక్‌లో సన్నని బీటలు పుట్టి, నెలల తర్వాత గోడలో పగలొచ్చు. ఆ రోజు మనం కొట్టిన స్ప్రే ఎవరికీ గుర్తుండదు. రబ్బరు వాషర్లు కూడా నూనెకి ఉబ్బిపోతాయి.

మంట పెట్టి వేడి చేస్తే ఊడుతుందంటారు, నిజమేనా?

బయట ఉన్న ఇనుప పైపుకు నిజమే. వేడి బయటి ముక్కకు తగలాలి, అది వ్యాకోచించి లోపలి దాని పట్టు వదులుతుంది. ఇత్తడి ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి ఇనుప నిపుల్ (రెండు వైపులా మర ఉండే పొట్టి పైపు ముక్క) మీద ఇత్తడి వాల్వు ఉంటే ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. కానీ గోడలో ప్లాస్టిక్ ఉందంటే మంట మాటే ఎత్తకండి. యూపీవీసీ 60 డిగ్రీలు దాటితే పనికిరాదు, సీపీవీసీ వేడి నీళ్లకు తట్టుకుంటుంది గానీ మంటకు కాదు. ఇంట్లో చేయదగ్గ పద్ధతి: కుళాయికి పాత గుడ్డ చుట్టి, దాని మీద మరిగే నీళ్లు మెల్లగా పోసి, వెంటనే తిప్పడం. ఉప్పు పట్టిన ఇత్తడి కుళాయికి ఇది సరిపోతుంది. గోడలోది యూపీవీసీ అయితే ఇది కూడా వద్దు. స్ప్రే కొట్టిన చోట మంట పెట్టడం అసలే ప్రమాదం.

గట్టిగా ఉన్నది ఉన్నట్టుండి మెత్తగా తిరిగింది, కానీ కుళాయి బయటికి రావడం లేదు. ఏమైంది?

వెంటనే ఆపండి. మర ఊడితే కుళాయి తిరిగే కొద్దీ బయటికి జరగాలి. జరగకుండా అక్కడే తిరుగుతోందంటే, సీపీవీసీ ఎల్బోలో పొదిగిన ఇత్తడి రింగు ప్లాస్టిక్ నుంచి విడిపోయి కుళాయితోపాటు తిరుగుతోందన్నమాట. ఫ్లేంజ్ జరిపి టార్చి వేసి చూస్తే పసుపు రింగు కూడా కదులుతూ కనబడుతుంది. ఇక ఆ ఎల్బో కారుతుంది. ఇవాళ కారకపోయినా, గోడ లోపల కారి పక్క గదిలో పెయింటు ఉబ్బాక బయటపడుతుంది. టేపుతో, ఎం సీల్‌తో ఇది నిలవదు. చేయగలిగింది ఒకటే: నీళ్లు కట్టేసి, ఆ ఒక్క టైలు జాగ్రత్తగా తీయించి, ఎల్బో కోసి కొత్తది అతికించడం. ఇంట్లో మిగిలిన టైల్స్ ఏ మూలనైనా దాచారేమో వెతకండి.

ఇలా కాకుండా ఉండాలంటే, గోడలోని కుళాయి తిప్పేటప్పుడు ఆ రింగు మీద ఒక కన్ను వేసి ఉంచాలి. రింగు కొద్దిగా కదిలినా, దాన్ని సన్న ముక్కు ప్లయర్‌తో పట్టుకుని కుళాయిని వెనక్కి తీయడానికి వీలుందేమో చూడండి. పట్టు దొరకకపోతే కుళాయిని కోసేయడమే నయం. కుళాయి పోయినా గోడ మిగులుతుంది.

కుళాయి మెరుపు మీద గీతలు పడకుండా ఎలా?

పళ్లున్న పైపు రెంచి వాడకుండా, స్క్రూ స్పానర్ కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి. ఎలాగూ పారేసే కుళాయి అయితే ఈ బాధ అక్కర్లేదు.

వాష్ బేసిన్ కింద చెక్ నట్టు అస్సలు కదలడం లేదు. బేసిన్ పగులుతుందేమోనని భయం.

భయం సరైనదే. పింగాణీ మెలికి తట్టుకోదు. నట్టు తిరిగేటప్పుడు పైన వేస్ట్ కప్లింగ్ (బేసిన్ నీళ్లు కిందికి పోయే జాలి గొట్టం) కూడా తిరుగుతుంటే, పై నుంచి జాలి కన్నాల్లోకి ప్లయర్ దూర్చి ఒకరు పట్టుకోవాలి, కింద ఇంకొకరు తిప్పాలి. రాకపోతే నట్టును కోసేయండి. హాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి, నట్టు మీద నిలువుగా గాడి కోసి, ఆ గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి మెలిపెడితే విచ్చుకుంటుంది. కప్లింగ్ కొత్తది దొరుకుతుంది, దాన్ని కాపాడాలని చూడొద్దు. గ్రైండర్ మాత్రం బేసిన్ దగ్గరికి తీసుకెళ్లకండి.

కుళాయి చివర జాలి ఊడటం లేదు, నీళ్లు సన్నగా వస్తున్నాయి.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు గోరువెచ్చని నీళ్లలో కలిపి, చిన్న కవర్లో పోసి, కుళాయి మూతి మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టండి. అరగంటకొకసారి చూస్తూ ఉండండి, రాత్రంతా వదిలేస్తే పై పూత మసకబారుతుంది. తర్వాత గుడ్డ పెట్టి చేత్తో తిప్పితే చాలాసార్లు ఊడుతుంది. బాత్రూమ్ యాసిడ్ పోయకండి, పూతను తినేస్తుంది. ఏ పులుపైనా, ఏ యాసిడైనా బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే విషవాయువు వస్తుంది.

## విరిగిపోతే

నిపుల్ సగం గోడలోనే విరిగిపోయింది. టైల్స్ పగలగొట్టాల్సిందేనా?

చాలాసార్లు అక్కర్లేదు. ముందు నీళ్లు కట్టి ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకోండి. హార్డ్‌వేర్ దుకాణంలో విరిగిన నిపుల్ తీసే ఎక్స్‌ట్రాక్టర్ అడగండి. కన్నంలోకి దూర్చి ఎడమకు తిప్పుతుంటే లోపలి గోడను కరిచి పట్టుకుని బయటికి తెస్తుంది. దాన్ని సుత్తితో మరీ లోతుగా దిగ్గొట్టకండి. నిపుల్ ఉబ్బి ఇంకా బిగుస్తుంది.

అది దొరకకపోయినా, పట్టకపోయినా హాక్సా బ్లేడుతో చేసే పద్ధతి ఉంది. ఓపిక కావాలి. పిడి లేని బ్లేడుకు గుడ్డ చుట్టి, విరిగిన నిపుల్ లోపలి నుంచి బయటివైపు గాడి కోయండి. ఒకటి పైన, ఒకటి కాస్త పక్కన, రెండింటి మధ్య వేలి మందం. నాలుగు లాగులకొకసారి ఆపి టార్చి వేసి చూడాలి. పాత ముక్క రంగు మారి, దాని వెనక మరల గీతలు లీలగా కనబడగానే ఆగిపోవాలి. ఇంకొంచెం కోస్తే ఎల్బో మరే తెగుతుంది. తర్వాత సన్న ఉలితో ఆ రెండు గాళ్ల మధ్య ముక్కను లోపలికి వంచితే ఊడి వస్తుంది, మిగతాది ప్లయర్‌కు దొరుకుతుంది. పని మొదలుపెట్టేటప్పుడే కన్నం లోతుగా చిన్న గుడ్డ కుక్కి, దాని కొస బయట ఉంచుకోండి. లోహపు పొడి పైపులోకి పోదు. చివర్లో గుడ్డ తీసి, బకెట్ పట్టి, నీళ్లు ఒక్క క్షణం వదిలి కట్టేస్తే మిగిలిన చెత్త కొట్టుకొస్తుంది.

పాత ఇత్తడి నిపుల్ విరిగిన చోట గులాబీ రంగు కనబడితే, అందులోని జింకు నీళ్లలోకి పోయి రాగి మాత్రమే మిగిలిందని అర్థం. అలాంటిది బిస్కెట్‌లా పొడిపొడి అయిపోతుంది. ఎక్స్‌ట్రాక్టర్‌తో కుస్తీ పట్టకుండా నేరుగా బ్లేడు పద్ధతికి వెళ్లండి.

ప్లాస్టిక్ డమ్మీ తల తెగి, మర లోపలే ఉండిపోయింది.

ఇది తేలికే. ప్లాస్టిక్ మెత్తన కాబట్టి బ్లేడుతో ఎదురెదురుగా రెండు గాళ్లు కోసి, వాటిలో వెడల్పాటి స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పండి. స్క్రూడ్రైవర్ కాల్చి గుచ్చే పద్ధతి వద్దు, ఆ పొగ పీల్చడం మంచిది కాదు.

## కొత్తది బిగించేటప్పుడు

టెఫ్లాన్ టేపు ఎన్ని చుట్లు, ఎటు చుట్టాలి?

మర కొస మీవైపు పెట్టుకుని గడియారం ముళ్లు తిరిగే వైపు చుట్టాలి. అటు చుడితేనే బిగించేటప్పుడు టేపు విప్పుకుపోదు. మన దుకాణాల్లో దొరికే పలుచటి టేపుతో 8 నుంచి 12 చుట్లు, లాగి పట్టి, మరల గీతలు పైకి కనబడేలా. మొదటి మరను వదిలేయండి, లేకపోతే టేపు పోగులు నీళ్లలో కొట్టుకొచ్చి జాలిలో ఇరుక్కుంటాయి. పాత టేపు, సఫేదా పూర్తిగా గీకకుండా చుడితే ఎన్ని చుట్లు వేసినా దండగే. రబ్బరు వాషర్ కూర్చునే కనెక్షన్ పైపు నట్టుకు టేపు అవసరం లేదు. అక్కడ నీళ్లను ఆపేది వాషర్.

బిగించాక కుళాయి మూతి పక్కకు తిరిగి ఉంది. కాస్త వెనక్కి తిప్పొచ్చా?

తిప్పొద్దు. వెనక్కి తిప్పిన జాయింటు కారుతుంది, ఆ క్షణాన కారకపోయినా. పూర్తిగా విప్పి, టేపు తీసేసి, రెండు చుట్లు ఎక్కువో తక్కువో వేసి మళ్లీ బిగించండి. మూతి సరిగ్గా కిందికి వచ్చే చోటే బిగువూ రావాలి. మర గోడలో లోతుగా ఉంటే ఎక్స్‌టెన్షన్ పీస్ వేసుకోండి. దాని సైజు కోసం అగ్గిపుల్లతో లోతు కొలుచుకుంటే చాలు.

కొత్త వాషర్ వేసినా చుక్క చుక్క కారుతోంది.

వాషర్ కూర్చునే ఇత్తడి పీట మీద వేలు పెట్టి చూడండి. గరుకుగానో గాడి పడినట్టో తగిలితే, ఎన్ని వాషర్లు మార్చినా అంతే. పీట సాపు చేసే చిన్న పనిముట్టు కొందరు ప్లంబర్ల దగ్గర ఉంటుంది. లేకపోతే కుళాయి మార్చండి. ఆపడానికి రోజూ గట్టిగా తిప్పితే గాడి ఇంకా పెరుగుతుంది.

## పనయ్యాక

గోడ లోపల కారుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

బయటి జాయింటు కింద పాత పేపరు పరిచి ఒక రాత్రి ఉంచండి. చేతికి తగలని తడి కూడా పేపరు మీద మచ్చగా కనబడుతుంది. గోడ లోపలి సంగతికి, సొంత ట్యాంకు అయితే రాత్రి అన్ని కుళాయిలూ కట్టేసి, నీటి మట్టం దగ్గర చాక్‌పీసుతో గీత గీయండి. మోటారు వేయకుండా తెల్లవారి చూడండి. గీత కిందికి దిగితే ఎక్కడో కారుతోంది. ముందు ఫ్లష్ ట్యాంకు చూడండి, ఎక్కువసార్లు దొంగ అక్కడే ఉంటుంది.

ఏ పనికి ప్లంబర్‌నే పిలవాలి, ఫోన్లో ఏం చెప్పాలి?

గోడలోపలి మిక్సర్ బాడీ, ఇత్తడి రింగు తిరిగిపోయిన ఎల్బో, గీజర్ ట్యాంకుకు నేరుగా ఉన్న నిపుల్, అపార్ట్‌మెంట్ ఉమ్మడి లైను. ఇవి సొంతంగా చేయకండి. గీజర్ ఇన్‌లెట్ దగ్గర ఉండే సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని దానికి డమ్మీ కొట్టే పని ప్లంబర్ చేస్తానన్నా ఒప్పుకోవద్దు. ఒత్తిడి పెరిగినప్పుడు ట్యాంకు పగలకుండా కాపాడేది అదే.

పిలిచేటప్పుడు ఫోటో పంపి, పైపు ఇనుమా సీపీవీసీయా, గోడలోదా బయటిదా, విరిగిందా బిగుసుకుందా చెప్పండి. సరైన సామాను వెంట తెచ్చుకుంటారు. టైలు పగిలితే ఎవరి బాధ్యతో పని మొదలుకాకముందే మాట్లాడుకోండి. పాతికేళ్ల నిపుల్ ఎంత నేర్పరి చేతిలోనైనా విరగొచ్చు, అది ఆయన తప్పు కాకపోవచ్చు. కానీ రెండో పానా ఆనించకుండా గోడలోని పైపు మీద ఊగుతుంటే ఆపమని చెప్పే హక్కు మీకుంది.

మళ్లీ ఇలా బిగుసుకోకుండా ఏమైనా చేయొచ్చా?

మూణ్ణెల్లకోసారి ఇంట్లోని ప్రతి యాంగిల్ కాక్ (బేసిన్ లాంటి వాటి కింద గోడకు ఉండే చిన్న కుళాయి), ప్రతి స్టాప్ కాక్, ట్యాంకు వాల్వు పూర్తిగా కట్టి తెరవండి. బిగుసుకునేవి ఎక్కువగా ఎవరూ ముట్టుకోనివే. జాలీలు కూడా అప్పుడే విప్పి కడిగి, చేతి బిగువుతో పెట్టండి. ఇనుప పైపు మీద ఇత్తడి సామాను వేయాల్సి వస్తే మొదటి మర తప్ప మిగతాదంతా టేపు కప్పేలా చుట్టండి, విప్పే రోజున మర శుభ్రంగా వస్తుంది. సామాను మార్చిన తేదీ, సైజు, ఏ వాల్వు ఏ గదికి వెళ్తుందో మార్కరుతో ఒక చీటీ మీద రాసి డక్ట్ తలుపు లోపలివైపు అంటించండి.